పడుకోబెట్టిన బోర్డులు

జూన్ 3, మంగళవారం

పిన్నీ,

"ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టాలట ఉత్తరం. అమ్మ చెప్పింది. నేను క్షేమంగా లేను. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా, "నువ్వు అరుస్తుంటే నాకు గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడదే టపాకాయా, ఏదున్నా కాగితం మీద రాయి. కాగితం మీదైతే అరవలేవుగా" అంటావు. పద్నాలుగేళ్ళు ఆ గోడౌనులో బ్లోయరు పక్కన కూచున్నాక చెవులు పోక ఏం చేస్తాయి. సరే, రాస్తున్నా. కాగితం మీద అరవగలనో లేదో చదివి నువ్వే చెప్పు.

మీ గోడౌనులో దొంగ ఉన్నాడు.

నీకు తెలిసిన సంగతులే అయినా విడమరిచి రాస్తాను. ఈ కాగితం రేపు ఎవరికైనా చూపించాల్సి రావచ్చు. మదర్‌బోర్డు మీద నాణెమంత బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. కరెంటు తీసేసినా కంప్యూటరుకి తేదీ, టైమూ గుర్తుండేది దానివల్లే. కొత్తదైతే మూడు వోల్టుల పైన చూపించాలి, అయిదారేళ్ళు బతకాలి. మీ గోడౌను నుంచి మా సర్వీస్ సెంటరుకి సీలుతో వచ్చిన బోర్డుల్లో, ఈ మూడు వారాల్లో ఏడింటికి బిళ్ళ చచ్చిపోయి ఉంది. కొత్త కంప్యూటర్లకి వేసేవి మూడు, పాడైనవాటి బదులు వేసేవి నాలుగు. ఒకటి ఒక వోల్టు. ఒకటైతే అసలు సున్నా.

మొదటి నాలుగూ ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా. బిళ్ళ మార్చేసి పంపేశాం. అయిదోది మాత్రం నేను లేని రోజు కొలవకుండానే లారీల తూకం ఆఫీసుకి వెళ్ళింది. వాళ్ళు సాయంత్రం స్విచ్చి ఆపేసి పోతారు, పొద్దున వేస్తారు. పొద్దున వేసేసరికి కంప్యూటరు తొమ్మిదేళ్ళు వెనక్కి పోయింది. తూకం చీటీల మీద ఆ తేదీలే పడ్డాయి. చీటీ చెల్లదని గేటు దగ్గర పద్దెనిమిది లారీలు ఆపేశారు. గుమాస్తా ఆ చీటీ పట్టుకుని మా కౌంటరు మీద కూచున్నాడు.

"ఏమ్మా, ఈ లారీ తూగిన రోజుకి నాకింకా పెళ్ళి కాలేదు. వెనక్కి పంపితే పంపావు, నన్ను కూడా పంపరాదూ?"

అందరూ నవ్వారు. మా మేనేజరు నవ్వలేదు. ఆయన్ని మేం గొళ్ళెం అంటాం, తాళం లేని సొరుగు చూస్తే ఆయనకి అన్నం సయించదు. నవ్వకుండా నా వైపు చూశాడు. ఎందుకంటే సీలు విప్పేది నేను. కవరు చింపడం, బోర్డుని లేపడం, మీటరు పెట్టడం, అన్నీ నువ్వు నేర్పిన వరసలోనే చేస్తాను. విప్పిన చేతి మీదే కదా ముందు అనుమానం. సర్టిఫికెట్టు లేని చెయ్యి అయితే ఇంకా సుఖం.

మీ దగ్గర ఎవరో కొత్త బిళ్ళలు పీక్కుని చచ్చినవి పెడుతున్నారు. ఎవరో కనిపెట్టు.

నీ
టపాకాయ

*

జూన్ 11, బుధవారం

అమ్మడూ,

అరవగలవు. ఒప్పుకున్నాను. రెండో పేజీలో పెన్ను కాగితంలోంచి అవతలికి వచ్చింది.

ముందు నీళ్ళు తాగు. పొద్దున్నే ఏమైనా తిని వెళ్తున్నావా, లేక టీతోనే సరిపెడుతున్నావా? మీ అమ్మ నీకు జుట్టు రాలుతోందని రాసింది. కోపానికి రాలుతుంది జుట్టు, నీళ్ళకి కాదు.

ఇక దొంగ సంగతి. మా గోడౌనులో ఎలుక దూరినా నాకు తెలుస్తుంది. వచ్చిన ప్రతి బోర్డూ నా బల్ల మీదకే వస్తుంది. కరెంటిచ్చి చూస్తా, బిళ్ళ కొలుస్తా, 3.1 ఉంటేనే చీటీ మీద సంతకం పెడతా. తర్వాత బోర్డుని పడుకోబెడతా. నీకు చిన్నప్పుడు మా వంటింటి బల్ల మీద నేర్పానే, బిళ్ళ పక్కన మూడు సన్నని పుల్లలుంటాయి, వాటిలో రెంటి మీద నీలం టోపీ ఉంటుంది, ఆ టోపీని ఇటు నుంచి అటు జరిపితే బిళ్ళకి విశ్రాంతి అని. పదకొండేళ్ళుగా నేను పడుకోబెట్టకుండా ఒక్క బోర్డు కూడా బీరువా ఎక్కలేదు. వేరే గోడౌన్ల వాళ్ళు ఆ శ్రమ పడరు. నా కింద పనిచేసే ఆరుగురికీ అదే నేర్పాను. ఆ తర్వాత కవరు, సీలు. నీ చేతికొచ్చేదాకా ఆ సీలు ఎవరూ ముట్టరు.

కాబట్టి నీ చుట్టుపక్కలే చూడమంటాను. నీకు గుర్తుందో లేదో, ఆరేళ్ళప్పుడు మా రేడియోలో బ్యాటరీలు తీసి నీ బొమ్మ కారులో వేసుకుని, చచ్చినవి తిరిగి రేడియోలో పెట్టేదానివి. మీ బాబాయి నెల రోజులు రేడియో పాడైందనుకుని దాన్ని మొట్టాడు. అలాంటి చెయ్యి మీ దగ్గర ఎవరిదైనా ఉందేమో.

గుట్టుగా పోయేదాన్ని రచ్చకీడ్చకు. బజారులో పది మంచి బిళ్ళలు కొని విడిగా ప్యాకెట్టు పంపుతున్నా. చచ్చింది కనిపిస్తే మార్చేసి ఊరుకో. నీ ఉద్యోగం నిలబడడం నాకు ముఖ్యం.

మీ పిన్ని

*

జూన్ 19, గురువారం

పిన్నీ,

నీ పది బిళ్ళలూ అందాయి. నాకు కాదు, గొళ్ళేనికి.

మా సెంటరుకొచ్చే ఏ ప్యాకెట్టయినా ఆయన బల్ల మీదే విప్పాలి. కత్తెరతో కత్తిరించి బోర్లించాడు. తళతళలాడుతూ పది బిళ్ళలు దొర్లాయి. ఒకటి బల్ల మీంచి పడి గది మధ్యదాకా పోయి అక్కడ గిరగిరా తిరిగింది. అది ఆగాక గొళ్ళెం నా వైపు తిరిగాడు.

"పంపింది ఎవరు?" అన్నాడు.

"మా పిన్ని."

"గోడౌనులో చేసే పిన్నేనా?"

"నాకున్నది ఒక్క పిన్నే సార్."

"అక్కడ పోతున్నవి బిళ్ళలు. ఇక్కడ నీకొచ్చినవి బిళ్ళలు. మధ్యలో నేనెవర్ని, పోస్టుమాన్నా?"

నా పక్క బల్ల మీద పనిచేసే తాపీ ఉన్నాడు చూడు, ఒక స్క్రూ బిగించేలోపు టీ చల్లారిపోయే మనిషి, వాడు కూడా తల ఎత్తి నన్ను చూశాడు. వాడు తల ఎత్తడం నేను మొదటిసారి చూశా.

నాకు జూలై 14 దాకా గడువిచ్చారు. ఆలోపు తేలకపోతే తీసేస్తారు. తీసేస్తే తీసేశారని కాదు, "విడిభాగాల దొంగతనం" అని రాసి మరీ తీసేస్తారు. కాలేజీ మొహం చూడని దానికి ఆ మాటే సర్టిఫికెట్టు అవుతుంది. ఈ ఊళ్ళో ఇంకెవరు నా చేతికి స్క్రూడ్రైవరు ఇస్తారు?

ఇంతలో నీ ఉత్తరం. నేను దొంగెవరని అడిగితే నువ్వు నాకు రేడియో కథ చెప్పావు. ఆరేళ్ళప్పటి చెయ్యి అన్నమాట. నన్ను అనడానికి అంత దూరం తిప్పాలా? సూటిగా రాస్తే సిరా తక్కువయ్యేది కదా. పైగా "మార్చేసి ఊరుకో" అట. ఊరుకోమనేది ఎవరు పిన్నీ? ఊరుకుంటే లాభం ఉన్నవాళ్ళు.

నేను ఊరుకోలేదు. అయిదు నెలల చీటీలు ముందేసుకుని కూచున్నా. ఈ ఏడాది మొదట్లో కొత్త రకం బోర్డులు రావడం మొదలయ్యాక ఇదంతా. అందులోనూ అర్జంటుగా తెప్పించినవి, అంటే మీ దగ్గరికి వచ్చి నాలుగైదు రోజుల్లో ఇక్కడికి చేరినవి, ఒక్కటి కూడా చావలేదు. మీ బీరువాలో మూడు వారాలు దాటి ఉన్నవి ఒక్కటి కూడా బతకలేదు. అర్జంటు వాటి మీద చెయ్యి వెయ్యడానికి దొంగకి తీరిక ఉండదు. బీరువాలో ఉన్నవాటికైతే బోలెడంత తీరిక. నా దగ్గరికొచ్చాక పీకేస్తే అర్జంటువీ చావాలి కదా?

బీరువా తాళం నీ దగ్గర. చీటీ మీద సంతకం నీది. కంచే చేను మేసిందని నేను అనడం లేదు. కానీ ఈ లెక్క మొత్తం కాగితం మీద పెట్టి గొళ్ళేనికి ఇచ్చాను. ఆయన మీ గోడౌనుకి పంపాడు.

ఈసారీ పెన్ను కాగితంలోంచి అవతలికి పోతోంది. భయంతో అనుకోకు.

టపాకాయ

*

జూన్ 27, శుక్రవారం

సర్వీస్ సెంటరు మెకానిక్ గారికి,

మీ కాగితం అందింది. మా సూపర్‌వైజరు ఆరుగురు ఆడపిల్లల ముందు, నేను పని నేర్పిన పిల్లల ముందు, పైకి చదివాడు. నాకు వినపడదని రెండుసార్లు చదివాడు. "సంతకం ఆవిడదే" అన్నచోట ఇంకాస్త గట్టిగా చదివాడు.

పద్నాలుగేళ్ళ తర్వాత నన్ను పరీక్ష బల్ల మీంచి లేపి అట్టపెట్టెలకి టేపు అంటించే చోట కూచోబెట్టారు. మంచి పనే. బ్లోయరుకి దూరం. తాళం చేతులు మారింది. ఇప్పుడు నా కళ్ళజోడు కూడా అక్కడే సొరుగులో ఉండిపోయింది, అడగబుద్ధి కాలేదు.

రేడియో సంగతి నవ్వుకుంటావని రాశాను. మీ బాబాయి ఉన్నప్పటి సంగతులు నవ్వుతూ చెప్పుకోడానికి నాకు మిగిలింది నువ్వొక్కదానివే. ఇకమీదట రాయను.

ఒక్క మాట. నన్ను లేపకముందే, నీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాడే, జూన్ 11న, పన్నెండు బోర్డుల బిళ్ళల మీద, బిళ్ళకీ అది కూచునే గూటికీ కలిపి, ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెట్టాను. బిళ్ళ కదిపితే చుక్క చీలిపోతుంది. ఎవరికీ చెప్పలేదు. నాకూ అనుమానం ఉంది. నువ్వు మా వాళ్ళని అనుమానించావు, నేను మీ వాళ్ళని. చుక్క ఎవరి దగ్గర చీలిందో చూద్దాం. అందులో కొన్ని ఈ వారం మీ సెంటరుకే బయల్దేరాయి.

మీ అమ్మకి ఈ గొడవ రాయకు. దానికి రక్తపోటు.

మీ అమ్మ చెల్లెలు

*

జూలై 4, శుక్రవారం

పిన్నీ,

చింపెయ్యకు. చివరిదాకా చదివి చింపు.

నిన్న నీ చుక్కల బోర్డు వచ్చింది. మొన్న కంప్యూటరు కేసు రేకు కోసుకుని నా కుడిచేతి వేళ్ళకి రెంటికి కట్టు ఉంది, అందుకని సీలు తాపీ విప్పాడు. నేను పక్కన నిలబడి చూస్తున్నా. మామూలుగా అయితే కవరు చింపిన మరుక్షణం నా వేలు దానంతట అదే వెళ్ళి టోపీ జరిపేస్తుంది. బూట్ల తాడు కట్టుకున్నట్టు, చూడను కూడా. తాపీ చెయ్యి అంత తొందరగా కదలదు. మీటరు తీశాడు, తుడిచాడు, బిళ్ళ మీద పెట్టాడు. 1.2.

చుక్క చూశాను. భూతద్దం పెట్టి చూశాను. చీలలేదు. నువ్వు పెట్టినది పెట్టినట్టే ఉంది, చిన్న తోకతో సహా. అది నీ బిళ్ళే. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మూడు వారాల్లో కూచున్న చోటే చచ్చింది.

అప్పుడు తాపీ అన్నాడు: "ఈ నీలం టోపీ ఎందుకు ఇటు పక్కన ఉంది?"

"అది పడుకుంది. లేపాలి" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"మా పిన్ని."

"బోర్డు వాళ్ళు ఏం చెప్పారు?"

నేను ఈ సెంటరులో చేరి రెండేళ్ళు. బోర్డుతో పాటు పెట్టెలో మడతపెట్టి ఉండే కాగితం ఒక్కసారి కూడా విప్పలేదు. అన్నీ చేత్తో నేర్చుకున్నదాన్ని, కాగితం చదవడం చదువుకున్నవాళ్ళ జబ్బు అనుకునేదాన్ని. తాపీ విప్పి, వేలు పెట్టి చూపించాడు. ఆ టోపీని అటు జరపడం బోర్డుకి ఉన్న జ్ఞాపకం తుడిచెయ్యడానికట. కొన్ని సెకన్లు మాత్రమే ఉంచాలట. వదిలేస్తే బిళ్ళ ఖాళీ అవుతుందని కింద గీతగీసి మరీ రాసి ఉంది.

నమ్మలేదు. కొత్త బిళ్ళ తెచ్చి, బిళ్ళకీ బోర్డుకీ మధ్య మీటరు పెట్టి చూశా. టోపీ మామూలు వైపు ఉంటే ముల్లు కదల్లేదు. నువ్వు పడుకోబెట్టే వైపు పెట్టా. కదిలింది. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. ఎనిమిదిసార్లు. పిన్నీ, బోర్డు నిద్రపోవడం లేదు. కుళాయి తిప్పి వదిలేసినట్టు బిళ్ళ కారిపోతోంది. పాత రకం బోర్డుల్లో నువ్వు చెప్పింది నిజం, మా బీరువా కింద ఒకటుంటే దాంట్లోనూ పెట్టి చూశా, అటు జరిపితే నిజంగానే బిళ్ళ తెగిపోయి విశ్రాంతిగా ఉంటుంది. ఈ ఏడాది వచ్చిన కొత్తవాటిలో పుల్లలు అవే, టోపీ అదే, పని మారిపోయింది.

దొంగ లేడు.

అంతా విశదమయ్యాక నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. నలభై పైన బోర్డులు నేనే విప్పాను. నలభైసార్లు ఆ టోపీని నా వేలే సర్దింది. సర్దాకే కొలిచాను. చూడాల్సినది చేత్తో తుడిచేసి, ఆ తర్వాత ఊరంతా దొంగ కోసం వెతికాను. చంకలో పిల్లని పెట్టుకున్న ఆవిడ నాకంటే తెలివైనది, ఆవిడ కనీసం సంతకాల లెక్క రాసి పైకి పంపలేదు.

గొళ్ళేనికి ఇంకా చెప్పలేదు. తాపీని నోరు మూసుకోమన్నా, వాడికి అది కష్టమైన పనేం కాదు. చెప్తే నా ఉద్యోగం నిలబడుతుంది, నీ పద్నాలుగేళ్ళూ పోతాయి. చెప్పకపోతే 14న నేను దొంగనవుతా. నువ్వు చెప్పు. ఈసారి నువ్వు ఊరుకోమన్నా తప్పుగా అర్థం చేసుకోను.

కళ్ళజోడు అడిగి తెచ్చుకో.

నీ టపాకాయ

*

జూలై 9, బుధవారం

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి నాలుగు గంటలసేపు నిన్ను తిట్టుకున్నాను. తన పీకల మీదకొస్తే టోపీల కథ అల్లింది, ఎంతకి తెగించింది అనుకున్నాను. నిజం చెప్తున్నా, దాచను. ఆ తర్వాత సూపర్‌వైజరు దగ్గరికెళ్ళి నా కళ్ళజోడు అడిగాను. కళ్ళజోడుతో పాటు మీటరు కూడా తీసుకున్నాను. ఆయన చూస్తూనే ఉన్నాడు, అడ్డుచెప్పలేదు.

టేపు బల్ల మీదే పెట్టి చూశా. ముల్లు కదిలింది.

పై అరలో నాలుగు వందల పది బోర్డులున్నాయి. అన్నీ నేనో, నా పిల్లలో పడుకోబెట్టినవే. బిడ్డ నిద్రపోతోందని తలుపు దగ్గరగా వేసి వచ్చినట్టు, ఒక్కోదాన్నీ టోపీ జరిపి, కవరు మడిచి పెట్టాను. ఎంత జాగ్రత్తగా పెడితే అంత తొందరగా చచ్చాయి. నిర్లక్ష్యంగా పనిచేసే గోడౌన్లలో ఒక్కటి చావలేదట, ఫోను చేయించి కనుక్కున్నాను.

నువ్వు ఏం చెప్పాలో నన్ను అడగక్కర్లేదు. ఆ టేపు బల్ల మీదే కూచుని నేనే రాసి సంతకం పెట్టాను. ఒకటి మా సూపర్‌వైజరుకి, ఒకటి మీ మేనేజరుకి. 14 లోపు చేరుతుంది. ఆ ఆరుగురు పిల్లల తప్పు లేదనీ, నేను చెప్పిందే చేశారనీ రాశాను. నన్నేం చేస్తారో ఇంకా చెప్పలేదు. టేపు అంటించడం నాకు బాగానే వస్తోంది.

నీ గురించి కూడా ఒక ముక్క రాశాను. అడిగితే అవునను చాలు. నోరు విప్పకు.

మీ పిన్ని

*

జూలై 15, మంగళవారం

పిన్నీ,

విప్పాను.

నిన్న పొద్దున గొళ్ళెం పిలిచాడు. నీ కాగితం చేతిలో ఉంది. చదివి వినిపించాడు: "మా అక్క కూతురు మొదటి ఉత్తరంలోనే టోపీ సంగతి అనుమానించి నన్ను అడిగింది. పెద్దదాన్నన్న అహంకారంతో నేనే వినలేదు." కాగితం కింద పెట్టి మొదటిసారి నన్ను "కూచోమ్మా" అన్నాడు. కూచున్నాను. "ఇంత ముందే కనిపెట్టినదానివి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు, దాదాపు మర్యాదగా.

అవునంటే చాలు. నువ్వు అబద్ధం కూడా నీ బోర్డుల్లాగే ఎంతో జాగ్రత్తగా మడిచి, సీలు వేసి పంపావు.

"అడగలేదు సార్" అన్నాను. "మొదటి ఉత్తరంలో నేను రాసింది వాళ్ళ గోడౌనులో దొంగ ఉన్నాడని. రెండోసారి రాసింది ఆ దొంగ మా పిన్నేమో అని. టోపీ చూసింది తాపీ. నలభై టోపీలు నేను చూడకుండా సర్దాను. పెట్టెలో కాగితం రెండేళ్ళు చదవలేదు. మీరూ చదవలేదు."

చివరి ముక్క అనకుండా ఉండాల్సింది. అనేశాను.

ఆయన చాలాసేపు నన్నూ కాగితాన్నీ మార్చిమార్చి చూశాడు, ఏది నకిలీదో తేల్చుకుంటున్నట్టు. తర్వాత నన్ను ఇదంతా రాయమన్నాడు. రాశాను. నీ కాగితం, నా కాగితం, రెండూ కలిపి సొరుగులో పెట్టి తాళం వేశాడు. లాగి చూశాడు. మళ్ళీ లాగి చూశాడు.

"రేపు తొమ్మిదికి రా. కవరు విప్పాక ముందు మీటరు, తర్వాత వేలు" అన్నాడు. సారీ చెప్పలేదు. నీ పది బిళ్ళలు మాత్రం తిరిగిచ్చాడు, లెక్కపెట్టి. తొమ్మిదే ఉన్నాయి. పదోది ఆ రోజు గది మధ్యలో తిరిగిందే, అది ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలీదట. నాకు తాపీ మీద అనుమానంగా ఉంది.

నువ్వు నాకోసం అబద్ధం రాశావు. దానికి నీతో ఎదురుగా కూచుని పోట్లాడాలి, కాగితం చాలదు. ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నా. నాలుగు వందల పదీ నువ్వొక్కదానివే లేపకు, నాకు సగం ఉంచు. మీటరు నాది నేనే తెచ్చుకుంటా. నీ మీటరు మీద నాకు నమ్మకం లేదు.

నీ
టపాకాయ